శుష్కగిరులపై సీతాకోకచిలుకలు

సీతాకోకచిలుకల మాట వచ్చినప్పుడు మనలో పెక్కుమందికి తోచునది వర్షారణ్యము: ఏడాది పొడవున తడియారని నేల, సూర్యకిరణము చొరరాని ఆకుల గుబురు, పేరు తెలియని పూలతీగెలు, వానిపై అరచేయంత రెక్కలతో తేలియాడు పతంగములు. ఈ భావన నిరాధారమైనది కాదు. అమెజాన్ నదీతీరములందును, మన దేశమున అస్సాము కొండలయందును, పశ్చిమ కనుమలయందును ఈ ప్రాణులు అసంఖ్యాకముగా వర్ధిల్లుచున్నవి. అయినను, నీరు సమృద్ధిగా నున్నచోటనే జీవము వేయి రూపములు దాల్చుననియు, నేల యెండినకొలది ప్రకృతి దరిద్రమగుననియు తలచువారు, కాకసస్ పర్వతములకు దక్షిణముగా, సముద్రతీరమన్నది లేక, అన్ని దిక్కుల కొండలచేత చుట్టబడియున్న ఆర్మేనియా దేశమును గూర్చి కొంత తెలిసికొనుట యవసరము.

ఆ దేశపు వైశాల్యము 29,743 చదరపు కిలోమీటర్లు; అనగా విభజనకు పూర్వమున్న మన అనంతపురము జిల్లాకు ఒకటిన్నర రెట్లకు కొంచెము మిక్కిలి. అనంతపురమున సాలుకు 550 మిల్లీమీటర్ల మేర వర్షము కురియుచుండగా దానినే మనము కరవుసీమ యని పిలుచుచున్నాము. ఆర్మేనియాలోని అరరాత్ మైదానమున కురియునది 250 మిల్లీమీటర్లకు అటునిటు మాత్రమే. వేసవిలో అచ్చట ఎండ 40 డిగ్రీలు దాటును. శీతకాలమున చలి సున్నకు దిగువ 20 డిగ్రీలకు జారుటయు కలదు. ఇట్టి దేశమున సుమారు 230 జాతుల సీతాకోకచిలుకలు నివసించుచున్నవి. దానికి ఏడు రెట్ల విస్తీర్ణము గలిగి, నిత్యము పచ్చగా నుండు గ్రేట్ బ్రిటను నందు వాని సంఖ్య 60 ప్రాంతమున నిలిచిపోయినది. మంచుయుగమున హిమము కప్పివేయుటచేతను, పిమ్మట సముద్రము అడ్డుపడుటచేతను బ్రిటను దీవి ఈ విషయమున పేదదయ్యెననుట నిజమే గనుక ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు. అయినను, అడవులు పదింట ఒక వంతు నేలను మాత్రమే కప్పియున్న చిన్న దేశమునకు ఈ సంపద యెట్లు అబ్బినదను ప్రశ్న మిగిలియే యుండును.

పటముపై చూచినవారికి ఆ దేశపు పొడవు వెడల్పులే తెలియును. సీతాకోకచిలుకలకు అక్కరకు వచ్చినది దాని యెత్తు. ఉత్తరమున దాదాపు 400 మీటర్ల యెత్తున పారు డెబెద్ నదీలోయ మొదలుకొని, 4,090 మీటర్ల అరగాత్స్ శిఖరము వరకు ఆ భూమి మెట్లుమెట్లుగా లేచియున్నది. పదింట తొమ్మిది వంతులు 1,000 మీటర్లకు పైననే యున్నది. కిలోమీటరు పైకెక్కినకొలది ఆరేసి డిగ్రీల చొప్పున వేడిమి తగ్గును. రాజధానియైన యెరెవాన్ నుండి ఉదయమున మోటారుపై బయలుదేరినవాడు, మధ్యాహ్నమునకు ముందే 3,200 మీటర్ల చేరువనున్న కారీ సరస్సును చేరవచ్చును; ఆ కొద్ది గంటలలో అతడు ఉప్పు తేలిన బీడులను, ముళ్ళపొదల మెట్టలను, గడ్డి మైదానములను, పూలతో నిండిన ఉన్నత పచ్చికబయళ్ళను, తుదకు మంచు కరగుచున్న రాతినేలను క్రమముగా దాటును. సమతల దేశములందు ఇన్ని శీతోష్ణ మండలములను దర్శింపగోరినవాడు వేలకొలది కిలోమీటర్లు ఉత్తరమునకు ప్రయాణము చేయవలెను. అదియుగాక, ఒక కొండకే దక్షిణపు వాలు ఎండకు మాడిపోవుచుండ, ఉత్తరపు వాలున మంచు ఆలస్యముగా కరగి, వేరొక జాతి మొక్కలను పోషించుచుండును. కొండ యెత్తుచేత మాత్రమే గాక ముఖముచేతను జీవులను వేరుచేయుచున్నదని దీని తాత్పర్యము.

ఇందువలన ఆ దేశమున వసంతము ఒక్కమారు వచ్చి పోవునది గాక, కొండనెక్కుచు పోవునదిగా నున్నది. ఏప్రిల్ మాసమున, కరగిన మంచు తడి యారకమునుపే, వేది పట్టణ పరిసరములలోని బోడికొండలపై పూలు విరియును, తొలి సీతాకోకచిలుకలు రెక్కలు విప్పును. జూన్ నెల ముగియునప్పటికి ఆ కొండలపై పచ్చదనము నశించును. అప్పుడు 1,500 మీటర్ల పైనున్న గడ్డినేలలు తమ సంపదను చూపును. జూలై చివర, ఆగస్టు తొలినాళ్ళలో వసంతము 3,000 మీటర్లను చేరియుండును. లోయలో మే మాసమున ఎగిరిన జాతియే కొండపై రెండు నెలల పిమ్మట ఎగురుట సామాన్య విషయము. కావుననే యూరపు నుండి వచ్చు పతంగ పరిశోధకులు కనుమదారులను ఎక్కువగా ఆశ్రయించుచుందురు. 1332లో ఓర్బెలియాన్ వంశపు ప్రభువు వర్తకుల బిడారులకై రాతి సత్రము కట్టించిన సెలీము కనుమ, 2,410 మీటర్ల యెత్తున, నేడు ఇట్టివారికి ప్రియమైన స్థలములలో నొకటి.

ఎండయు చలియు ఇంత తీవ్రముగా నున్నచోట, తన దేహమున స్వతస్సిద్ధముగా వేడిని నిలుపుకొనలేని ఇంత చిన్న ప్రాణి యెట్లు బ్రతుకుచున్నదో చూచిన ఆశ్చర్యము కలుగును. ఎగురుటకు తోడ్పడు కండరములు సుమారు 30 డిగ్రీల వరకు వేడెక్కనిదే సీతాకోకచిలుక ఎగురజాలదు. కొండమీది చల్లని ఉదయములందు కొన్ని జాతులు రెక్కలు పరచి వెన్నును ఎండకు చూపును. కొలియాస్ ప్రజాతికి చెందిన పసుపువన్నె జాతులు రెక్కలు మూసి, ప్రక్కకు ఒరిగి, వెనుక రెక్క అడుగుభాగమును సూర్యునకు అభిముఖముగా నుంచును. ఎత్తైన చోట్ల నివసించు కొలియాస్‌ల వెనుక రెక్కల అడుగుభాగమున నల్లని పొలుసులు అధికముగా నుండుటకు కారణమిదియే: నలుపు వేడిని త్వరగా గ్రహించును. బండలపై వ్రాలు బూడిదవన్నె జాతులు ఇదే ఉపాయమును రెండు విధముల వాడుకొనును. చల్లని వేళ అవి సూర్యకిరణములకు అడ్డముగా ఒరిగి వేడిని గ్రహించును. మిట్టమధ్యాహ్నమున కిరణములకు సమాంతరముగా నిలిచి, తమ నీడను సన్నని గీతగా మార్చుకొని, వేడిని తప్పించుకొనును. లావా గడ్డకట్టి యేర్పడిన ఆ శిలలపై వ్రాలినంతనే ముందురెక్కను వెనుక రెక్కలో దాచుకొను ఈ ప్రాణిని, అది వ్రాలిన చోటును కన్నార చూచినవాడు సైతము మరల గుర్తింపలేడు.

వేసవిని నిద్రతో గడుపునవియు కలవు. మేనియోలా జుర్టినా యను గోధుమవన్నె జాతి ఐరోపా అంతట సామాన్యమైనదే. కాని మధ్యధరా ప్రాంతపు పొడినేలలందు దాని ఆడుది వేసవి తొలినాళ్ళలో జతకూడి, గుడ్లు పెట్టుటకు త్వరపడక, పొదల నీడలందు నిశ్చలముగా కాలము గడిపి, శరత్కాలమున గడ్డి మరల మొలకెత్తునప్పుడే గుడ్లు పెట్టును. పిల్లకు మేత దొరకు కాలము వచ్చువరకు తల్లి తన గర్భమును నిలుపుకొనుచున్నదన్నమాట.

నీటి కొరతచేత మరియొక దృశ్యము ఆ కొండలందు విశేషముగా కానవచ్చును. సెలయేటి యొడ్డునను, గొఱ్ఱెలు నీరు త్రాగు తొట్ల చెంతను ఉన్న బురదపై, ఒక్కొక్కప్పుడు డజన్లకొలది చిన్న నీలి సీతాకోకచిలుకలు గుమిగూడి తుండములను నేలకానించి పీల్చుచుండును. అవి దాహము తీర్చుకొనుచున్నవని చూచువారు తలతురు. వాస్తవమునకు వాని ముఖ్య లక్ష్యము ఉప్పులోని సోడియము. ఆకులను తిని పెరిగిన కీటకమునకు సోడియము మిక్కిలి కొరత. గుమిగూడినవాటిలో దాదాపు అన్నియు మగవియే యగుటకు హేతువు, అవి సేకరించిన లవణమును జతకూడునప్పుడు ఆడుదానికి అందించుటయే. ఆ లవణము పిమ్మట గుడ్లలోనికి చేరును.

ఆ దేశపు పొడి మెట్టలపై ప్రధానమైన మొక్క అస్ట్రగాలస్. చిక్కుడు కుటుంబమునకు చెందిన ఈ ప్రజాతియందు మూడు వేల జాతులకు చేరువగా కలవు; పూల మొక్కలలో ఇంతకంటె పెద్ద ప్రజాతి లేదు. వీనిలో కొన్ని నేలకు హత్తుకొని, గుండ్రని దిండ్లవలె పెరిగి, ఒంటినిండ ముళ్ళు ధరించి, గాలిని, ఎండను, మేకల నోటిని ఎదుర్కొనును. వీని కాండముల నుండి స్రవించు జిగురే ఔషధములందు వాడబడు ట్రగకాంత్ బంక. ఆ ముళ్ళ దిండ్లపై గుడ్లు పెట్టు కొలియాస్ అరోరినా, పెద్ద నారింజవన్నె రెక్కలతో వాలులవెంట అతివేగముగా ఎగురును. వసంతారంభమున యెరెవాన్ సమీపపు కొండలపై కొద్ది వారములు మాత్రమే కానవచ్చు టోమారెస్ రొమానోవి సైతము అస్ట్రగాలస్ నే ఆశ్రయించి జీవించును. చిన్నదైనను ఎఱ్ఱని రెక్కలతో మిక్కిలి మనోహరమైన ఈ జాతికి 1882లో ఆ పేరు పెట్టబడినది రష్యా రాజవంశీయుడైన నికొలాయ్ మిఖాయిలోవిచ్ గౌరవార్థము. అతని తండ్రి కాకసస్‌కు రాజప్రతినిధిగా నుండుటచే అతని బాల్యము తిఫ్లిసు నగరమున గడచినది. సీతాకోకచిలుకలపై అతడు సంపాదకత్వము వహించి 1884 నుండి 1901 వరకు తొమ్మిది సంపుటములు ప్రకటించెను. 1919లో, విప్లవానంతరమున, అతడు పెట్రోగ్రాడు కోటలో కాల్చిచంపబడెను. అతడు రాజ్యమేలలేదు గాని, అతని సంపుటములను పరిశోధకులు నేటికిని తిరుగవేయుచునే యున్నారు.

ఇక ఆ కొండల అసలైన అద్భుతమునకు వత్తము. పోలియోమాటస్ అను నీలి సీతాకోకచిలుకల ప్రజాతియందు అగ్రోడయేటస్ అను ఒక ఉపప్రజాతి కలదు. టర్కీ తూర్పు భాగము, ఆర్మేనియా, ఇరాన్ దేశముల శుష్క పర్వతములు దీనికి ప్రధాన స్థానములు. సుమారు 30 లక్షల సంవత్సరములలోనే, అనగా భూచరిత్రలో స్వల్పకాలమున, ఇందు నూరింటికి పైగా జాతులు ఉద్భవించినవి. కొన్నింటి మగవి ఆకాశనీలము, కొన్నింటివి వెండిఛాయ, కొన్నింటివి చాక్లెట్టు వన్నె. కాని ఒక్కొక్క ఛాయలోని జాతులను ప్రక్కప్రక్కన నుంచిన, జీవితమంతయు వీనికే ధారపోసినవారు సైతము తడబడుదురు. సామాన్యముగా సీతాకోకచిలుకల జాతులను నిర్ణయించుటకు సూక్ష్మదర్శినితో మగదాని జననావయవములను పరీక్షింతురు. నవలారచయితగా లోకప్రసిద్ధుడైన వ్లదీమిర్ నబొకోవ్ 1940ల దశకమున హార్వర్డు మ్యూజియమునందు ఈ పద్ధతితోనే నీలి జాతులను వర్గీకరించి, అమెరికా ఖండపు నీలి జాతులు ఆసియా నుండి బేరింగు జలసంధి మార్గమున అయిదు అలలుగా వలసవచ్చినవని 1945లో ఊహించెను. ఆ యూహ సరియైనదని జన్యు పరిశోధకులు 2011లో నిరూపించిరి. అగ్రోడయేటస్ విషయమున ఆ పద్ధతియు చాలదు. ఇందు భేదము కణగర్భమున దాగియున్నది.

మనుష్యునకు 23 జతల క్రోమోసోములు కలవని విద్యార్థులెల్లరు ఎరుగుదురు. నీలి సీతాకోకచిలుకల కుటుంబమున సామాన్య సంఖ్య 24 జతలు, లేదా 23. అగ్రోడయేటస్ నందు మాత్రము ఇరానులోని ఒక జాతికి 10 జతలే యుండగా, ఆ దేశముననే మరియొక జాతికి 134 జతలున్నవి. ఇంత సన్నిహిత బంధువులలో ఇంతటి అంతరము జంతులోకమున మిక్కిలి అరుదు. ఒకే భారతమును ఒకరు మూడు సంపుటములుగాను, వేరొకరు పద్దెనిమిది సంపుటములుగాను కుట్టించుకొన్నట్లు, వీనియందు జన్యుసామగ్రి రమారమి సమానముగనే యుండి, విభాగమందు మాత్రము వ్యత్యాసము కలిగినది. పెక్కు జంతువులందు క్రోమోసోము ముక్కలైనచో ప్రమాదము. కణము విభజన చెందునప్పుడు లాగుకొనుటకు దాని దేహమున ఒక్క పట్టు మాత్రమే యుండును గనుక, ఆ పట్టు లేని ముక్క జారిపోయి నశించును. సీతాకోకచిలుకల క్రోమోసోములకు పొడవునా పట్టు కలదు. ఎచ్చట తెగినను రెండు ముక్కలును బ్రతుకును. మొరాకోలోని అట్లాస్ పర్వతములందు నివసించు వీని బంధువు పోలియోమాటస్ అట్లాంటికాకు 229 జతలున్నవని 2025లో ప్రకటింపబడిన జన్యుపఠనము తేల్చినది. జంతువులలో ఇంతకు మించిన సంఖ్య నేటివరకు తెలియదు.

కొండలకును దీనికిని సంబంధమేమి? హిమయుగములు వచ్చినప్పుడెల్ల ఈ జీవులు లోయలకు దిగినవి. భూమి వేడెక్కినప్పుడెల్ల చల్లని వాలులను వెదకికొని పైకెక్కి, ఒక్కొక్క పర్వతముపై ఒక్కొక్క గుంపు బందీయైనది. చిన్న గుంపులందు క్రోమోసోముల మార్పులు సులభముగా స్థిరపడును. మరల లోయలో కలిసికొన్నప్పుడు, సంఖ్యలు వేరైనవాని సంకరసంతానము దుర్బలమగును. అట్టిచో తన జాతిదానిని గుర్తెరిగి జతకూడినవాని సంతతియే నిలుచును. లుఖ్తానోవ్ మొదలగు శాస్త్రజ్ఞులు 2005లో నేచర్ పత్రికయందు ప్రకటించిన పరిశోధనము దీనికి చక్కని సాక్ష్యము: ఇటీవల విడిపోయిన బంధుజాతులలో, వేర్వేరు కొండలపై నున్నవాని మగవి ఒకే వన్నె కలిగియుండగా, ఒకే వాలుపై కలిసి జీవించువాని మగవి తరచుగా భిన్నవర్ణములు దాల్చినవి. ఒకే రాతిపై ఒక నీలి మగదియు, ఒక గోధుమవన్నె మగదియు వ్రాలియుండుట కంటికి అలంకారమాత్రముగా తోచును. అది జాతులు పరస్పరము విడిపోవు క్రియకు గుర్తని తెలిసినప్పుడు కలుగు ఆనందము వేరు. నా దృష్టిలో జీవపరిణామమును గ్రంథములందు గాక కొండవాలుపై చదువగోరువారికి ఇంతకు మించిన పాఠశాల లేదు.

ఈ నీలి జాతులలో పెక్కింటి గొంగళిపురుగులు చీమలతో స్నేహము చేయును. పురుగు వెన్నుపైని గ్రంథి నుండి తీయని రసము స్రవించును; చీమలు దానిని త్రాగి, పురుగును సాలీళ్ళనుండియు పరాన్నభుక్కులైన కందిరీగలనుండియు కాపాడును. ఆర్మేనియాలోను, ఐరోపాలోను నివసించు ఫెంగారిస్ ఏరియాన్ ఈ స్నేహమును వంచనగా మార్చినది: కొంతకాలము థైము జాతి మొక్కను తిని, నేలకు రాలి, తాను చీమపిల్లనని నమ్మించి, ఎఱ్ఱచీమల పుట్టలోనికి మోయించుకొని, అచ్చట చీమపిల్లలనే ఆహరించి పెరుగును. బ్రిటనునందు ఈ జాతి 1979లో అంతరించినది. పశువుల మేత తగ్గి గడ్డి ఎత్తుగా పెరుగుటచే నేల చల్లబడి, దానికి కావలసిన చీమ నశించుటయే కారణమని తెలిసికొన్న పిమ్మట, స్వీడను నుండి తెచ్చి దానిని పునఃప్రతిష్ఠించిరి. సీతాకోకచిలుకను కాపాడుటకు దానిని మాత్రమే చూచిన చాలదనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము నేనెరుగను.

తెల్లని రెక్కలపై ఎఱ్ఱకన్నులు ధరించిన అపోలోను గూర్చి ఒక్క మాట చెప్పక తప్పదు. 1758లో లిన్నేయస్ పేరిడిన ఈ జాతి ఆ కొండల రాతిచరియలపై, దళసరి ఆకుల సీడం మొక్కలను ఆశ్రయించి బ్రతుకుచున్నది. మనకు పరిచితములైనవియు అచ్చట లేకపోలేదు. ముళ్ళమొక్కలపై పెరిగి ఖండములు దాటి వలసపోవు వెనెస్సా కార్డుయి ఆర్మేనియాలోను, ఆంధ్ర తెలంగాణములలోను ఎగురును. మన కంది పూతను, కాయను తొలుచు గొంగళికి తల్లియైన లాంపిడెస్ బోయెటికస్ అను చిన్న నీలి సీతాకోకచిలుకయు అంతే. కంది రైతునకు అది పురుగు మాత్రమే. కాని దాని దాయాదులే ఇరాను కొండలపై 134 జతల క్రోమోసోములను మోయుచున్నవి.

ఈ సంపద నేడు సురక్షితముగా నున్నదని చెప్పజాలము. అరరాత్ మైదానపు బీడులు కాలువలచేత తడిసి, ద్రాక్షతోటలును పండ్లతోటలును అయినవి. దక్షిణమున కజరాన్ వంటి చోట్ల రాగిగనులు కొండలనే తొలచివేయుచున్నవి. 1991లో సోవియట్ వ్యవస్థ కూలిన పిమ్మట దూరపు పచ్చికబయళ్ళకు మందలను తోలుకొనిపోవు ఏర్పాటులు చెదరి, గ్రామముల సమీపపు వాలులు అతిమేతచే బోడులగుచుండ, దూరపు బయళ్ళు మేత లేక ముదురుగడ్డితో నిండుచున్నవి. రెండును సీతాకోకచిలుకలకు హానికరములే. భూతాపము పెరిగినకొలది జాతులు పైకెక్కవలసి యున్నది. శిఖరమును చేరినదానికి ఆపై చోటులేదు. నాలుగవ శతాబ్దమున ఖోస్రోవ్ రాజు నాటించిన వనము పేర 1958లో ఏర్పడిన ఖోస్రోవ్ రక్షితారణ్యము ఒక గొప్ప ఆశ్రయము. కాని కొన్ని నీలి జాతుల సమస్త నివాసము రెండు మూడు లోయలకు మించదు గనుక, అవి రక్షితారణ్యపు సరిహద్దులకు వెలుపల నున్నచో ఆ ఏర్పాటు వానిని కాపాడజాలదు.

ఆ వాలులకు కంచెవేసి కాపరులను వెళ్ళగొట్టవలెనను వాదము నాకు సమ్మతము కాదు. మందల మేతయు, కొడవలి కోతయు వేల ఏండ్లుగా ఆ గడ్డినేలలను తీర్చినవి. వానిని మాన్పించుట బ్రిటనునందలి పొరపాటునే మరల చేయుటయగును. వలసినది మితము: గ్రామము చెంతనున్న వాలుకు కొంత విశ్రాంతి, దూరపు బయలుకు మరల మంద, పూలు విత్తుగట్టిన పిమ్మటనే గడ్డికోత, గని త్రవ్వుటకు ముందు ఆ కొండపై ఏ జాతి నివసించుచున్నదో ఒక వేసవియంతయు పరిశీలించు నిబంధన. వీనిలో ఏదియు పేద దేశమునకు మోయరాని వ్యయము కాదు. వీనిని నేడే ఆచరింపవలెను.